గేటు ముందు టెంటు పడి పదకొండు రోజులు: అగ్రిమెంటు ఎందుకు తెగడం లేదు?

టిఫిన్_బండి — సోమవారం, రాత్రి 9:40

కడప జిల్లా ఎర్రగుంట్ల చుట్టుపక్కల వాళ్లు ఎవరైనా ఉంటే కొంచెం చెప్పండి. మా బండి ఒక సిమెంటు ఫ్యాక్టరీ గేటుకు ఎదురుగా ఉంటుంది. ఏ ఫ్యాక్టరీ అని అడగొద్దు, నేను పేరు రాయను, మీరూ రాయొద్దు. ఇక్కడ చుట్టూ నాలుగైదు ఉన్నాయి కాబట్టి ఎవరికి తోచింది వాళ్లు అనుకోండి. గేటు పక్కన వేపచెట్టు కింద కార్మికులు టెంటు వేసి ఈ రోజుకు పదకొండు రోజులు. కంపెనీకీ యూనియన్‌కూ మధ్య ఉన్న పాత జీతాల అగ్రిమెంటు గడువు అయిపోయి ఏడాది దాటిందంట. ఆరుసార్లు కూర్చున్నారంట, ఆరోసారి యాజమాన్యం తరఫున వచ్చినాయన ఫోన్ మాట్లాడి వస్తానని లేచిపోయి మళ్లీ రాలేదంట. అప్పటినుంచి చర్చలు లేవు, టెంటు ఉంది.

నాకు తెలిసింది ఉగ్గాని, బజ్జీ, కారం దోసె. కానీ పొద్దున ఆరింటి నుంచి బండి దగ్గర ఇదే మాట. సగం మంది "వీళ్లకు అంతంత జీతాలు వస్తుంటే ఇంకా ఏం కావాలి" అంటారు, సగం మంది "కంపెనీ మెడలు వంచాల్సిందే" అంటారు. నిన్న ఒక లారీ డ్రైవరు, టెంటులో కూర్చునే ఒక పెద్దాయన నా బండి ముందే చొక్కాలు పట్టుకునేదాకా పోయినారు, రెండు ప్లేట్లు పగిలినాయి. అసలు ఎక్కడ ఆగింది ఇది? తెలిసినవాళ్లు చెప్పండి, తిట్టుకోవద్దు.

లారీ_స్టాండ్ — సోమవారం, రాత్రి 10:05

ఆ డ్రైవరు నా బండి వాడే అయ్యుండొచ్చు. శనివారం గేటు ముందు రెండు గంటలు బైఠాయించినారు కదా, ఆ రెండు గంటలు ఎంతయిందో తెలుసా? లోపల లోడింగ్ వరుస తప్పింది, నా రెండు లారీలు ఆదివారం సాయంత్రం దాకా రోడ్డు మీదే. డ్రైవరుకు బత్తా నేనివ్వాలి, క్లీనరుకు తిండి నేను పెట్టాలి, ఫైనాన్సు వాడు అయిదో తారీకు అంటే అయిదో తారీకే, గేటు ముందు ధర్నా ఉందన్నా అని చెబితే వింటాడా? వాళ్లు జీతాలు పెంచుకోవడానికి కూర్చుంటే నా జీతం ఎవరు తగ్గించినట్టు?

అడుక్కోవడం వాళ్ల హక్కే అనుకుందాం. రోడ్డు వాళ్లది కాదు కదా.

పెన్నాగట్టు — సోమవారం, రాత్రి 10:31

నేను ప్రొద్దుటూరులో వ్యాపారం చేస్తా. ఉన్నమాట చెబితే కోపం వస్తుంది గానీ, మన సీమకు ఫ్యాక్టరీలు రాకపోవడానికి ఈ జెండాలే కారణం. పెట్టుబడి పెట్టేవాడు ముందు చూసేది గేటు ముందు టెంటు ఉందా లేదా అనే. ఉన్న ఒకటి రెండు కూడా పోతే పిల్లలందరూ బెంగళూరు బస్సు ఎక్కాల్సిందే.

నాపరాయి — సోమవారం, రాత్రి 10:38

@పెన్నాగట్టు అట్లనా సామీ? మన జిల్లాలో ఉక్కు ఫ్యాక్టరీకి 2007లో టెంకాయ కొట్టినారు, 2018లో కొట్టినారు, 2019లో కొట్టినారు, 2023లో మళ్లీ కొట్టినారు. అక్కడ యూనియన్ లేదు, టెంటు లేదు, జెండా లేదు, ఒక్క కార్మికుడు కూడా లేడు. మరి అది ఎందుకు రాలేదో కూడా చెప్పు.

ఉగ్గాని_ఫ్యాన్ — సోమవారం, రాత్రి 10:41

😂😂 టెంకాయలకైన ఖర్చుతో ఒక చిన్న మిల్లు పెట్టి ఉండొచ్చు

పెన్నాగట్టు — సోమవారం, రాత్రి 10:52

నవ్వండి. దాని కారణాలు వేరు, గనులు, డబ్బు, కోర్టులు. నేను చెప్పింది నడుస్తున్న ఫ్యాక్టరీ గురించి.

కొలిమి_కాడ — మంగళవారం, ఉదయం 6:15

ఇప్పుడే చూసినా ఇదంతా. నేను సిమెంటులోనే ముప్ఫై ఒక్క ఏళ్లు చేసి రిటైరైనాను, ఎక్కువ భాగం కిల్న్ దగ్గరే, అంటే రాయిని కాల్చే గొట్టం లాంటి కొలిమి. ఇది ఏ ఫ్యాక్టరీయో తెలుసు, చెప్పను. టెంటులో కూర్చున్న పిల్లల్లో సగం మందికి పని నేర్పింది నేనే కాబట్టి నా మాట కొంచెం అటువైపు ఉంటుంది, ముందే చెప్తున్నా.

అందరూ "ఎంత పెంచాలి" అనే దగ్గరే ఆగిపోతారు. అసలు తగువు అంకె మీద కాదు, ఆ అంకె ఏ గడిలో పడాలి అనే దాని మీద. కంపెనీ ఒక మొత్తం ఇస్తానంటోంది, యూనియన్ అడిగేదానికీ దానికీ మరీ అంత తేడా లేదు. కానీ వాళ్లు దాన్ని అలవెన్సుగా ఇస్తామంటారు. క్యాంటీన్ అలవెన్సు, వాషింగ్ అలవెన్సు, ఇంకేదో స్పెషల్ అలవెన్సు. యూనియన్ వాళ్లు బేసిక్‌లో, అంటే మూల జీతంలో కలపమంటారు. టిఫిన్_బండి తమ్ముడికి లెక్క చెప్తా. నెలకు 4 వేలు పెరిగిందనుకో. అది బేసిక్‌లో పడితే గ్రాట్యుటీ (రిటైరైనప్పుడు ఇచ్చే మొత్తం) లెక్కలో ఒక్కో ఏడాది సర్వీసుకు 4,000ను 15తో గుణించి 26తో భాగిస్తే వచ్చేంత కలుస్తుంది, అంటే 2,300 చిల్లర. ముప్ఫై ఏళ్లు చేసినవాడికి 69 వేల పైన. పీఎఫ్ కూడా బేసిక్ మీదే కడుతుంటే నెలకు 480 ఇతని నుంచి, 480 కంపెనీ నుంచి. అదే 4 వేలు అలవెన్సులో పడితే? నెల జీతంలో కనిపిస్తుంది, ఇంటికి పోయేరోజు కనిపించదు. నా బ్యాచిలో ఇద్దరు రిటైరైన రోజు అకౌంట్స్ ఆఫీసు బయట మెట్ల మీద కూర్చుని కాగితం తిప్పి తిప్పి చూసుకున్నారు, ఎక్కడో తప్పు పడిందని. తప్పేం పడలేదు. పదేళ్లు పెరిగిన జీతమంతా అలవెన్సుల్లోనే పెరిగింది.

రెండో తగువు గడువు. కంపెనీ నాలుగేళ్లకు రాసుకుందామంటుంది, యూనియన్ మూడేళ్లు చాలంటుంది. ఏడాది ఆలస్యం అయింది కాబట్టి ఆ ఏడాది ఎరియర్స్ (బకాయిలు) సంగతి మూడోది. దాని మీద ఎవరూ నోరు మెదపడం లేదు, ఆఖరికి దాన్ని వదులుకుని మిగతావి తెచ్చుకుంటారని నా అనుమానం. ఎప్పుడూ అదే జరుగుతుంది.

లారీ_స్టాండ్ తమ్ముడూ, నీ కోపం అర్థమైంది. కానీ ఒకటి గమనించు. వాళ్లు సమ్మె చేయడం లేదు. డ్యూటీ దిగినోళ్లు వచ్చి టెంటులో కూర్చుంటున్నారు, డ్యూటీకి ఎక్కాల్సినోళ్లు ఎక్కుతున్నారు. కిల్న్ ఆగలేదు.

బెంగళూరు_బస్సు — మంగళవారం, ఉదయం 8:20

కిల్న్ ఆపితే ఒక్క రోజులో దిగొస్తారు కదా అంకుల్? మరి ఎందుకు ఆపరు? (నాది జమ్మలమడుగు, ఇప్పుడు బెంగళూరు.)

కొలిమి_కాడ — మంగళవారం, ఉదయం 9:02

నాయనా, అది కొళాయి కాదు తిప్పితే ఆగడానికి. లోపల 1,450 డిగ్రీల దాకా వేడి. సున్నపురాయి, మట్టి కరిగీ కరగకుండా ముద్దలై క్లింకర్‌గా బయటికి వస్తుంది. గొట్టం లోపలంతా వేడిని తట్టుకునే ఇటుకలు పేర్చి ఉంటాయి. ఉన్నట్టుండి ఆపితే ఆ ఇటుకలు బీటలిచ్చి రాలతాయి, వేడి మీద తిప్పకుండా వదిలేస్తే గొట్టమే వంగుతుంది. మళ్లీ ఇటుకలు పేర్చి మెల్లగా వేడెక్కించి దారికి తెచ్చేసరికి ఎన్ని రోజులో. ఆ నష్టం చూపించి కంపెనీ "ఇంకేం ఇస్తాం" అంటుంది. అందుకే మా కాలంలో సమ్మె నోటీసు ఇచ్చినా కిల్న్ మీద ఉండే మనుషులను యూనియనే మినహాయించేది. బెదిరించడానికి పనికొచ్చే కత్తి అది, దూస్తే మన చెయ్యే తెగుతుంది.

బెంగళూరు_బస్సు — మంగళవారం, ఉదయం 9:15

ఇది తెలీదు. థాంక్స్ అంకుల్. మాకైతే ఏప్రిల్‌లో ఒక మెయిల్ వస్తుంది, ఇంత శాతం పెరిగింది, అభినందనలు అని. ఆ శాతం ఎట్లా వచ్చిందో ఎవరికీ తెలీదు, అడిగేవాడూ లేడు. మొన్న మా టీములో పదిమందిని ఒకే మధ్యాహ్నం పంపించేశారు, సాయంత్రం నాలుగింటికల్లా ల్యాప్‌టాప్‌లు తాళం పడినాయి. టెంటు వేద్దామన్నా ఎక్కడ వేయాలి, టెక్ పార్కు గేటు దగ్గర నిలబడితే సెక్యూరిటీ వాళ్లే తోసేస్తారు 🙂 ఎగతాళికి చెప్పడం లేదు, నిజంగా మీ వాళ్లను చూస్తే కొంచెం అసూయగా ఉంది.

పెన్నాగట్టు — మంగళవారం, ఉదయం 9:40

పదిమందిని పంపినా కంపెనీ నడుస్తోంది కదా, అదే నేను చెప్పేది.

నాపరాయి — మంగళవారం, ఉదయం 9:44

నీ షాపులో గుమస్తాకు ఎంతిస్తావు సామీ

(ఈ తర్వాత వచ్చిన ఏడు పోస్టులు తీసేశాను. పార్టీల పేర్లు, కులాల పేర్లు తెస్తే చర్చ మూసేస్తా, ఇదే ఆఖరి మాట. — నిర్వాహకుడు)

నల్లకోటు — మంగళవారం, మధ్యాహ్నం 1:30

కడప కోర్టులో ప్రాక్టీసు. లేబర్ కేసులు కొన్ని చూస్తుంటాను, ఇక్కడ రాసేది సలహా కాదు, మామూలు సమాచారం.

ముందు అందరూ మర్చిపోయే విషయం. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ఇప్పుడు లేదు. 2020లో చేసిన పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. పాత చట్టంలో 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలనే నియమం నీళ్లు, కరెంటు, రవాణా లాంటి ప్రజోపయోగ సేవలకు ఉండేది. ఇప్పుడు ఏ పరిశ్రమలో సమ్మె చేయాలన్నా అది తప్పనిసరి. అధికారి దగ్గర రాజీ చర్చలు నడుస్తున్నంత కాలం, అవి ముగిశాక ఏడు రోజుల వరకు సమ్మె కుదరదు. సగం మందికి తగ్గకుండా ఒకేసారి క్యాజువల్ లీవు పెట్టినా సమ్మె కిందే లెక్క. పద్ధతి తప్పిన సమ్మెలో పాల్గొన్న కార్మికుడికి వెయ్యి నుంచి 10 వేల దాకా జరిమానా, లేదా నెల దాకా జైలు, రెండూ కూడా పడొచ్చు. టెంటు గేటు బయట ఉండటానికీ, డ్యూటీ దిగినవాళ్లే కూర్చోవడానికీ కారణం ఇది. వాళ్లు భయపడి కాదు, లెక్క చూసుకుని కూర్చున్నారు.

శనివారం బైఠాయింపు మాత్రం తప్పే. దానికీ సమ్మెకూ సంబంధం లేదు, దారి అడ్డగించడం కింద కేసు కావచ్చు. ఆ రెండు గంటల్లో వాళ్లు సంపాదించింది ఏమీ లేదు, లారీ వాళ్లను దూరం చేసుకున్నారంతే.

ఇంకోటి, పాత అగ్రిమెంటు "అయిపోయింది" అనేది సగమే నిజం. ఒక పక్షం దాన్ని రద్దు చేసుకుంటున్నామని నోటీసు ఇచ్చి అరవై రోజులు గడిచేదాకా పాత షరతులు కొనసాగుతాయి. కాబట్టి రేపటి నుంచి క్యాంటీన్ ఎత్తేస్తాం, బస్సు తీసేస్తాం అని ఎవరైనా బెదిరిస్తే వెంటనే లేబర్ అధికారి దగ్గరికి పోవచ్చు.

బేసిక్, అలవెన్సుల తగువులో కొలిమి_కాడ గారు చెప్పింది సరిగ్గా ఉంది, కానీ వేతనాల కోడ్ కొంచెం మార్చింది. అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటినంత మేర వేతనం కిందే లెక్క కట్టాలి. సగం లోపల ఉన్నంతవరకు మాత్రం పాత ఆట ఆడుకోవచ్చు.

టిఫిన్_బండి — మంగళవారం, మధ్యాహ్నం 3:10

అందరికీ దండాలు, ఇప్పుడు కొంచెం ఎక్కింది. ఇది ప్రింటు తీసి బండికి అంటిస్తే నా ప్లేట్లు మిగులుతాయి.

సీ_షిఫ్ట్ — మంగళవారం, రాత్రి 11:55

నేను రాయొచ్చో లేదో తెలీదు. ప్యాకింగ్ ప్లాంటులో కాంట్రాక్టు కింద చేస్తాను, తొమ్మిదేళ్లయింది. ఇప్పుడు షిఫ్టుకు ముందు ఫోన్ చూస్తూ ఇదంతా చదివినా. గ్రాట్యుటీ 69 వేలు, పీఎఫ్ 480, అలవెన్సు, బేసిక్... చదువుతుంటే వేరే ఫ్యాక్టరీ గురించి చదువుతున్నట్టుంది.

టెంటులో కూర్చునేది పర్మనెంటోళ్లు. అగ్రిమెంటు వాళ్లదే. మేము వాళ్లకంటే ఎక్కువ మందిమి ఉన్నాం లోపల, కానీ మా పేరు ఆ కాగితంలో ఉండదు. మా కాంట్రాక్టరు తొమ్మిదేళ్లలో మూడుసార్లు మారినాడు, మేస్త్రీ మారలేదు, మేము మారలేదు, చేసే పని మారలేదు. కాంట్రాక్టరు మారినప్పుడల్లా కొత్త గేట్ పాసు, కొత్త పీఎఫ్ నంబరు, తొమ్మిదేళ్ల సర్వీసు మళ్లీ ఒకటో రోజు. నా పాత పీఎఫ్ డబ్బులు రెండు చోట్ల ఇరుక్కుని ఉండాయి, ఆధార్‌లో ఇంటిపేరు అక్షరం తేడా అంట. 50 కేజీల బస్తా, వెయ్యి బస్తాలు దాటినాక లెక్క గుర్తుండదు. వేసవిలో దుమ్ము, చెమట కలిసి ఒంటి మీదే గట్టిపడుతుంది. ఇంటికి పోయి రెండుసార్లు రుద్దుకున్నా చెవుల వెనక బూడిద రంగు పోదు, మా పాప "నాన్నా నువ్వు ముసలోడివైనావు" అంటుంది.

ఈ పదకొండు రోజుల్లో టెంటు కాడికి రమ్మని నన్ను ఎవరూ పిలవలేదు. పిలిచినా పోతానో లేదో. పోతే తెల్లారి గేట్ పాసు పనిచేయదు. వాళ్లకు మెమో ఇస్తారు, మాకు మెమో కూడా ఇయ్యరు, "రేపటి నుంచి రావద్దు" అని మేస్త్రీ ఫోన్ చేస్తాడు, అంతే.

వాళ్ల మీద నాకేం కడుపుమంట లేదు. పెరగనీ. వాళ్లకు పెరిగితే మాకూ ఏదో పదో పరకో విదిలిస్తారు అని ఆశ. షిఫ్టుకు టైమైంది.

ఎర్రగుంట్ల_కోడలు — బుధవారం, ఉదయం 10:10

సీ_షిఫ్ట్ అన్నా, మీ పోస్టు మా ఆయనకు చదివి వినిపించినా. ఆయన టెంటులో కూర్చునేవాళ్లలో ఒకరు. ఏం మాట్లాడలేదు, సగం దోసె వదిలేసి లేచి పోయినారు.

నేను ఇంకో వైపు కూడా చెప్తా, తప్పుగా అనుకోవద్దు. పర్మనెంటు అంటే ఏదో బంగారు గిన్నె అనుకుంటారు అందరూ. ఏడాదిగా ఎరియర్స్ వస్తాయి వస్తాయి అని చెప్పి చిన్నవాడి ఇంజినీరింగ్ ఫీజుకు నా గాజులు ప్రొద్దుటూరులో పెట్టినాం. అగ్రిమెంటు కాగానే విడిపిద్దామన్నారు. వడ్డీ ఎక్కుతోంది, అగ్రిమెంటు కావడం లేదు. రిలే దీక్ష అంటే ఆ రోజు అన్నం మానేస్తారు కదా, ఈయనకు షుగరు, వద్దన్నా వినరు. మంగళవారం మావారి వంతు, నేను కూడా తినలేదు, అత్తమ్మ తినలేదు. ఫ్యాక్టరీ గేటు కాడ ఒక్కడు దీక్ష చేస్తే ఇంట్లో ముగ్గురం చేస్తున్నాం.

ఉగ్గాని_ఫ్యాన్ — బుధవారం, ఉదయం 10:30

అక్కా ఆ గాజుల మాట చదివి మా అమ్మ గుర్తొచ్చింది

చెనిక్కాయల_రైతు — బుధవారం, మధ్యాహ్నం 12:48

మా నాయన కాలంలో ఫ్యాక్టరీకి భూమి ఇచ్చినాం, ఇంటికొక ఉద్యోగం అన్నారు. అన్నకు పర్మనెంటు వచ్చింది. పేర్లు రాసుకునేటప్పుడు నాకు పదహారేళ్లు, వయసు చాలదన్నారు. ఇప్పుడు మా అన్నకొడుకు కూడా లోపలే, కానీ కాంట్రాక్టు. ఒకే ఇంట్లో ఒకే భూమికి తండ్రి పర్మనెంటు, కొడుకు కాంట్రాక్టు. మా వదిన ఇద్దరికీ ఒకే క్యారియర్‌లో సంగటి సర్దుతుంది, లోపలికి పోయినాక తండ్రికి క్యాంటీన్, కొడుకుకు చెట్టు నీడ.

మిగిలిన నాలుగెకరాల్లో చెనిక్కాయ వేస్తా. గాలి ఇటు తిరిగితే ఆకు మీద బూడిద. దాని మీద అగ్రిమెంటు ఎవరు చేస్తారో తెలీదు.

పని_పెద్ద — బుధవారం, రాత్రి 8:15

తిట్టొద్దు అంటే రాస్తా. నేను అవతలి వైపు మనిషిని, ఈ ఫ్యాక్టరీ కాదు, వేరేది, వేరే జిల్లా. జీతాల చర్చల్లో బల్లకు అటుపక్క కూర్చున్నవాణ్ణి.

బల్లకు అటుపక్క కూర్చునేవాడికి అధికారం ఉందనుకుంటారు. ఉండదు. పైనుంచి ఒక అంకె ఇచ్చి పంపుతారు, దానికి పైసా దాటకూడదు. చర్చల మధ్యలో ఫోన్ మాట్లాడతానని లేచిపోయాడంటే పొగరు కాకపోవచ్చు, నిజంగానే హెడ్ ఆఫీసుకు ఫోన్ చేసి ఉంటాడు, వాళ్లు ఎత్తి ఉండరు. అలవెన్సులో వేయడానికి కారణం కూడా చెప్తా. బేసిక్ ఒకసారి పెరిగితే జన్మలో తగ్గదు, దాని మీద పీఎఫ్, గ్రాట్యుటీ, ఓవర్‌టైమ్ అన్నీ పెరుగుతాయి. పైవాళ్లు చూసేది ఒక్క ఏడాది ఖర్చు కాదు, పదిహేనేళ్ల ఖర్చు. వాళ్ల లెక్కలో అది సబబే.

నాపరాయి — బుధవారం, రాత్రి 8:22

2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది కదా, దాంట్లో కొంచెం ఇయ్యొచ్చు కదా?

పని_పెద్ద — బుధవారం, రాత్రి 8:35

పన్ను తగ్గితే అది బస్తా కొనేవాడికి పోవాలి, కంపెనీకి మిగలదు. అది వాదనకు పనికిరాదు. కానీ ఒకటి ఒప్పుకుంటా. సీ_షిఫ్ట్ రాసిన కాంట్రాక్టు సంగతి ఉందే, అది మేము కావాలనే చేస్తాం. పర్మనెంటు ఒకడు రిటైరైతే ఆ ఖాళీ నింపం, కాంట్రాక్టులో ఇద్దరిని తీసుకుంటాం. పర్మనెంటు వాళ్లతో గట్టిగా బేరమాడే ధైర్యం మాకు అక్కడినుంచే వస్తుంది. వీళ్లు మానేసినా లోపల సగం పని చేసేది వాళ్లే కదా. ఇంత కంటే ఎక్కువ రాస్తే నా ఉద్యోగం పోతుంది.

నల్లకోటు — బుధవారం, రాత్రి 9:20

సీ_షిఫ్ట్ గారికి రెండు మాటలు. ప్రధానమైన పనుల్లో కాంట్రాక్టు కార్మికులను పెట్టకూడదని ఇంకో కొత్త కోడ్, కార్మికుల భద్రత, ఆరోగ్యాల కోడ్ అంటుంది, కానీ లోడింగ్, అన్‌లోడింగ్ మామూలుగా ఆ లెక్కలోకి రావని అదే కోడ్‌లో ఉంది. కాబట్టి ఆ తలుపు మీకు సులభంగా తెరుచుకోదు. 2016 అక్టోబరు 26న సుప్రీంకోర్టు సమాన పనికి సమాన వేతనం అని ఇచ్చిన తీర్పును చాలామంది ఉదహరిస్తారు, అది పంజాబ్ ప్రభుత్వ తాత్కాలిక ఉద్యోగుల కేసు, ప్రైవేటు ఫ్యాక్టరీకి నేరుగా అంటించలేం. కానీ ఒకటి గట్టిది. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే కట్టాల్సిన బాధ్యత ఫ్యాక్టరీదే. పీఎఫ్ ఖాతాలన్నిటికీ కలిపి మనిషికి యూఏఎన్ అనే నంబరు ఒక్కటే ఉండాలి, రెండు ఉంటే పాతదాన్ని కొత్తదాంట్లో కలిపించుకోవచ్చు. ఆధార్ అక్షరం తేడాను సరిచేయించుకోవడానికి జాయింట్ డిక్లరేషన్ అనే దరఖాస్తు పద్ధతి ఉంది. రేపే మొదలుపెట్టండి.

జీతం పెరిగి నెలకు 21 వేలు దాటితే ఈఎస్ఐ (కార్మికుల వైద్య బీమా) పరిధి దాటిపోతారు, అది కూడా చూసుకోండి. పెంపు సంతోషంలో చాలామంది ఇది మర్చిపోయి ఆస్పత్రిలో గుర్తు తెచ్చుకుంటారు.

కొలిమి_కాడ — గురువారం, ఉదయం 5:50

రాత్రి నిద్ర పట్టలేదు. సీ_షిఫ్ట్ తమ్ముడికి ఒక సంగతి చెప్పాల, ఎన్నేళ్లుగానో ఎవరికీ చెప్పలేదు.

నేను ఒకసారి చర్చల కమిటీలో ఉన్నాను. మా డిమాండ్ల కాగితంలో పద్నాలుగు ఉండేవి. ఆఖరుది కాంట్రాక్టు వాళ్లకు క్యాంటీన్, బూట్లు, మాస్కులు, అయిదేళ్లు దాటినవాళ్లను పర్మనెంటులోకి తీసుకోవడం. ప్రతి మీటింగులో గట్టిగా చదివేవాళ్లం, చప్పట్లు పడేవి. ఆఖరి రాత్రి కడపలో ఒక లాడ్జిలో తెల్లవారుజామున రెండింటికి కంపెనీ వాళ్లు అన్నారు, ఆ పద్నాలుగోది వదిలేయండి, మీ బేసిక్‌లో ఇంకో మూడు వందలు వేస్తాం అని. మేము బయటికొచ్చి వరండాలో బీడీ కాల్చుకున్నాం. ఎవరూ ఏం మాట్లాడలేదు. లోపలికి పోయి సంతకం పెట్టినాం. తెల్లారి గేటు కాడ టపాసులు కాల్చినారు, నా మెడలో కూడా దండ వేసినారు. కాంట్రాక్టు పిల్లలు కూడా వచ్చి చేతులు కలిపినారు, వాళ్లకు తెలీదు.

మూడు వందలు. ఇప్పుడు పని_పెద్ద గారు చెబుతున్నారు, ఆ రోజు మేం బయట వదిలేసినవాళ్లనే చూపించి ఈ రోజు మా పిల్లలను బెదిరిస్తున్నారని. కంపెనీ తెలివి అనుకుందామా, మా చేతగానితనం అనుకుందామా.

లారీ_స్టాండ్ — గురువారం, ఉదయం 7:30

పెద్దాయనా, ఇది రాయడానికి ధైర్యం కావాలి. నేనైతే రాసేవాణ్ణి కాదు.

శనివారం సంగతి మీద నా మాట నాదే. కానీ నిన్న టెంటులో ఇద్దరు వచ్చి స్టాండులో డ్రైవర్లతో మాట్లాడినారు, ఇకమీద దారి ఆపం అని. సరేనన్నాం.

బెంగళూరు_బస్సు — గురువారం, ఉదయం 9:05

ఒక సందేహం. ఇది ఎన్నాళ్లు సాగుతుంది? 2019లో తెలంగాణ ఆర్టీసీ సమ్మె 52 రోజులు నడిచింది, ఆఖరికి వాళ్లే విరమించుకుని డ్యూటీకి వస్తామన్నారు. 2023 డిసెంబరులో మన దగ్గర అంగన్‌వాడీ అక్కలు 42 రోజులు కూర్చున్నారు, ఎస్మా (అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం) పెట్టినా లేవలేదు.

కొలిమి_కాడ — గురువారం, ఉదయం 9:40

1982 జనవరి 18న బొంబాయిలో యూనియన్ నాయకుడు దత్తా సామంత్ వెనకాల రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు దిగినారు. అది ఏ రోజు ముగిసిందో ఇప్పటికీ ఎవరూ సరిగ్గా చెప్పలేరు. మిల్లులు పోయినాయి, స్థలాల్లో మేడలు లేచినాయి. అందుకే నేను పిల్లలకు రోజూ చెప్తున్నా, కూర్చోండి గానీ పని ఆపొద్దు, బల్ల దగ్గరికి లాగండి అని.

ఎర్రగుంట్ల_కోడలు — గురువారం, సాయంత్రం 4:20

మావారు ఇప్పుడే ఫోన్ చేసినారు. కమిటీ మీటింగులో పెద్ద గొడవంట. డిమాండ్లలో కాంట్రాక్టు వాళ్లది మళ్లీ చేర్చాలని ఈయన, ఇంకో నలుగురు పట్టుబట్టినారు. "ముందు మనది తెగనీ, తర్వాత చూద్దాం" అని మిగతావాళ్లు. రెండో యూనియన్ వాళ్లయితే అది చేరిస్తే మేం సంతకం పెట్టం అన్నారంట.

నల్లకోటు — గురువారం, సాయంత్రం 5:00

రెండు యూనియన్లు అన్నారు కాబట్టి చెప్తున్నా. పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం 51 శాతం మంది మద్దతు ఉన్న యూనియన్ ఒక్కటే చర్చలకు కూర్చుంటుంది. ఎవరికీ అంత లేకపోతే 20 శాతానికి తగ్గకుండా ఉన్న ప్రతి యూనియన్‌తో కౌన్సిల్ ఏర్పాటవుతుంది. కాబట్టి ఎవరికి ఎంతమంది అనేది ముందు తేల్చుకోమనండి.

సీ_షిఫ్ట్ — గురువారం, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. పెద్దాయనా, మీ మీద కోపం రాలేదు. ఆ దండ వేసినోళ్లలో మా మామ కూడా ఉండాడు, ఆయనా కాంట్రాక్టే. ఆయనకు చెప్పను.

నల్లకోటు సార్, జాయింట్ డిక్లరేషన్‌కు ఏమేం కాగితాలు కావాలో రాయండి. మా లైనులో నాకొక్కడికే కాదు, పదమూడు మందికి ఇదే సమస్య ఉంది, ఈ రోజు అడిగి లెక్కపెట్టినా.

టిఫిన్_బండి — శుక్రవారం, మధ్యాహ్నం 2:05

అప్‌డేట్. టెంటు పదిహేనో రోజు. పొద్దున లేబర్ ఆఫీసు నుంచి కబురొచ్చింది, సోమవారం రెండు వైపులవాళ్లూ రావాలని. కంపెనీ వాళ్లు వస్తామన్నారంట, ఎవరు వస్తారో చెప్పలేదంట. ఫోన్ ఎత్తే మనిషి వస్తే బాగుండు.

రాత్రి గాలివానకు షామియానా చిరిగింది, కొత్తది తెచ్చి కడుతున్నారు. కట్టేవాళ్లలో ఇద్దరు ప్యాకింగ్ ప్లాంటు పిల్లలు, మొహాలకు తువ్వాళ్లు చుట్టుకుని. దుమ్ముకు చుట్టుకున్నారా, ఎవరూ గుర్తుపట్టకుండానా, నేను అడగలేదు. కట్టినాక వెళ్లిపోయారు, కూర్చోలేదు. ఎర్రగుంట్ల అక్కా, మీ ఆయన ఈ రోజు నా బండి దగ్గర రెండు దోసెలు పూర్తిగా తిన్నారు, ఆ ఇద్దరి డబ్బులు కూడా ఆయనే ఇచ్చినారు.

పగిలిన ప్లేట్ల డబ్బులు మాత్రం లారీ వాళ్లూ ఇవ్వలేదు, టెంటు వాళ్లూ ఇవ్వలేదు.

లారీ_స్టాండ్ — శుక్రవారం, మధ్యాహ్నం 2:31

సాయంత్రం మా వాణ్ణి పంపిస్తా. ఒక ప్లేటుకే.